గుమ్మంలో నిండు బిందెలు

జిల్లా కేంద్రం
విక్రమ సంవత్ 2051, అసోజ్ 30

ధనసరకు వదిన నందకలా ఆశీస్సులు.

అత్తయ్య పంపిన దసై పండగ టీకా, బార్లీ మొలకలు కంచరగాడిదలు తోలే బిర్ఖే చేతిలో నిన్న అందాయి. మొలకలు దారిలో వాడిపోయాయి. మీ అన్నయ్య వాటినే టోపీలో దోపుకుని సభకు వెళ్లారు. నాకు పెళ్లయ్యాక దసైకి ఆయన అమ్మ చేత టీకా పెట్టించుకోకుండా ఉండటం ఇదే మొదటిసారి. "అమ్మకు కోపమొచ్చిందంటావా?" అని పొద్దుటి నుంచి నన్ను చంపుతున్నారు. అంత బెంగగా ఉంటే వెళ్లి రావచ్చు కదా అంటే, "పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. ఈలోపు నా మీద నిలబడ్డ మోతీజంగ్ నాలుగు ఊళ్లు చుట్టేస్తాడు" అన్నారు.

పార్టీ ఈసారి మనకు టికెట్ ఇవ్వలేదన్న సంగతి నీకు తెలిసే ఉంటుంది. కాఠ్మాండూ నుంచి దిగిన ఒక వకీలుకు ఇచ్చింది. అందుకని స్వతంత్రంగా నిలబడ్డారు. గుర్తు బిందె. అత్తయ్యకు చెప్పు, నవ్వుకుంటుంది. ముప్పై తొమ్మిదిలో ఊరి ప్రధాన్‌గా నిలబడినప్పుడూ, నలభై మూడులో జాతీయ పంచాయత్‌కు నిలబడినప్పుడూ, నలభై ఎనిమిదిలో పార్లమెంటుకు నిలబడినప్పుడూ ఆయన ఇల్లు కదిలే ముందు గుమ్మానికి రెండు వైపులా నిండు బిందెలు పెట్టింది ఆవిడే. మొదటిసారి ఒక్కటే ఫలించింది. అయినా మానలేదు.

నాకు గెలుపు మీద పెద్ద ఆశ లేదు తల్లీ. ఓటమి అంటేనే భయం. నలభై ఎనిమిదిలో తొంభై ఓట్లతో పోయాక ఈయన గోడవైపు తిరిగి పడుకుని నెల రోజులు లేవలేదు. అత్తయ్య పక్కన కూర్చుని ముద్దలు పెట్టి లేపింది. మళ్లీ అలాంటిదే వస్తే నా వల్ల కాదు. అత్తయ్యకు కోపం లేదని ఒక్క ముక్క రాయి.

నీ వదిన


రాతామాటా
కార్తిక్ 4

వదినకు ధనసర నమస్కారాలు.

అమ్మకు కోపమేమీ లేదు. గుర్తు సంగతి చెబితే, "నా బిందెలు నన్నడక్కుండా పట్టుకుపోయాడా దొంగ వెధవ" అని నవ్వింది. ఆ నవ్వు దగ్గులో కలిసిపోయి చాలాసేపు ఆగలేదు. అది చెప్పడానికే రాస్తున్నాను.

దసై వెళ్లినప్పటి నుంచి అమ్మకు పాదాలు ఉబ్బాయి. ఢిడో సంకటి రెండు ముద్దలకు మించి దిగడం లేదు. పడుకుంటే ఊపిరాడదని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. నేను నా ఇంటిని మా అత్తగారికి అప్పగించి, ఏరు దాటి వచ్చి అమ్మ దగ్గరే ఉంటున్నాను. ఆరోగ్య చౌకీ ఆయన చూసి నేపాల్‌గంజ్ ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాడు. "నేను కొండ దిగితే నన్ను మోసే నలుగురు మగాళ్లూ వాడి ప్రచారం మానేయాలి. నేను దిగను" అంటోంది.

అన్నయ్యను ఒక్కపూట పంపు. అమ్మ రమ్మందని చెప్పకు, అమ్మ అలా అనలేదు. నేను రమ్మన్నానని చెప్పు.

ధనసర


జిల్లా కేంద్రం
కార్తిక్ 7

ధనసరా,

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. ఏమన్నారో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నా మీద విరుచుకుపడకు. "నలభై మూడులో కూడా ఇదే చేసింది. కాళ్లు చచ్చుబడ్డాయని కబురు పెడితే ప్రచారం వదిలేసి పరుగెత్తాను. వెళ్లేసరికి అటక మీదెక్కి మొక్కజొన్న కంకులు ఎండేస్తోంది. 'కొడుకును చూడాలనిపించింది, ఏం తప్పా?' అంది. అక్కడ పోయిన నాలుగు రోజులే నన్ను ఓడించాయి." ఇలా అని, మందులకు బజారుకు వెళ్లి ఆయనే స్వయంగా ఒక పొట్లం కొని తెచ్చారు. బిర్ఖే చేత పంపుతున్నాను. పోలింగ్ ఇరవై తొమ్మిదిన. ముప్పైన బయలుదేరి వస్తానన్నారు.

ఇంకో మాట. మీ అత్తింటి బావగారు వకీలు వెంట తిరుగుతున్నాడని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు. అందుకే నువ్వు అన్నయ్యను వెనక్కి లాగుతున్నావని ఆయన చుట్టూ చేరినవాళ్లలో ఒకడు అన్నాడు. మీ అన్నయ్య వాణ్ణి తిట్టారు. కానీ ఆ తరువాత నీ ఉత్తరం ఇంకోసారి చదివించుకున్నారు. నేను నమ్మలేదులే. నమ్మలేదు గానీ అడుగుతున్నాను, నిజంగా అంత బాగాలేదా? నిజమైతే మళ్లీ రాయి, ఈయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొస్తాను.

నందకలా


రాతామాటా
కార్తిక్ 14

వదినా,

ఇది ఒక్కదానివే చదువు. చదివి పొయ్యిలో వెయ్యి.

అమ్మ నిన్న తెల్లవారుజామున పోయింది.

నువ్వు కూర్చునే చదువుతున్నావనుకుంటాను. ఏడుపు వస్తే పొగలో కూర్చో, ఎవరూ అడగరు. మిగతాది వినాలి నువ్వు.

అంతకు ముందురోజు సాయంత్రం అమ్మ నన్ను, చిన్నాన్న కొడుకు అంగద్‌ను, ఊరి పెద్దల్ని నలుగురిని పిలిపించింది. "నేను పోతే పదమ్‌కు చెప్పకండి. చెబితే వాడు తెల్లబట్ట కట్టి పదమూడు రోజులు మూల కూర్చోవాలి. ఎవర్నీ ముట్టుకోకూడదు, ఎవరి గుమ్మం ఎక్కకూడదు. అలా కూర్చుంటే ఓడిపోతాడు. ఈసారి ఓడితే వాణ్ణి లేపి కూర్చోబెట్టడానికి నేనుండను కదా. మైల విన్నవాడికే గానీ విననివాడికి లేదు. ఓట్లు పడ్డాక చెప్పండి" అంది. నా చేయి తన తల మీద పెట్టించుకుంది. ఆ తరువాత మాట్లాడలేదు.

అంగద్ తలకొరివి పెట్టాడు. అన్నయ్య బదులు వాడే కర్మకు కూర్చున్నాడు. ఊరంతా నోరు కట్టేసుకుంది. బిర్ఖే కూడా పాడె మోశాడు, వాడి గురించి భయం లేదు.

నాకు మాత్రం అమ్మ మీద మంటగా ఉంది వదినా. పోతూ పోతూ నా నోటికి తాళం వేసి పోయింది. బిర్ఖే గాడిదలు దారిలో ఆగి ఆగి వచ్చేసరికి, మందుల పొట్లం పాడె లేచే వేళకు అందింది. మా బావగారి సంగతి రాశావు, దానికి నేను జవాబివ్వను.

ధనసర


జిల్లా కేంద్రం
కార్తిక్ 16

ధనసరా,

ఎంత పని చేశావు. నాకైనా ఎందుకు చెప్పావు? విననివాడికి మైల లేదన్నావు, నేను విన్నాను కదా. కోడలిని. మైలలో ఎరుపు కూడదు, నా చేతికి ఎర్రగాజులున్నాయి, పాపిట్లో సిందూరముంది. తీస్తే ఆయన అడుగుతారు. తీయకపోతే పైనుంచి అత్తయ్య చూస్తోంది. నిన్న మహిళా సభలో నన్ను వేదిక ఎక్కించి, మెడలో దండ వేసి, నుదుట అబీరు పూశారు. ఆ ఎర్రటి పొడి ముఖం మీద పడుతుంటే కొంగు లాగి ముఖం కప్పుకున్నాను. అందరూ సిగ్గనుకున్నారు.

మైల నియమాల్లో నా చేతిలో ఉన్నది ఒక్క ఉప్పే. మానేశాను. ఆయనకు, కార్యకర్తలకు మామూలుగా వండి, నాకోసం చిన్న గిన్నెలో ఇంత అన్నం విడిగా ఉడకేసుకుని, నెయ్యితో ఒంటిపూట తింటున్నాను. అందరికీ వడ్డించాక తింటాను కాబట్టి ఎవరూ చూడరు.

ఎక్కడ చూసినా మోతీజంగ్ మైకే మోగుతోంది. అతని కోడలి పుట్టిల్లు మనకు పక్క ఊరేనని నీకు గుర్తుందా? ఆ మైకు గొంతు సవరించుకున్నప్పుడల్లా, "తల్లి చస్తే మాంసం తింటూ తిరుగుతున్నాడు చూడండి" అని ఇప్పుడంటుందేమోనని నా ప్రాణం పోతోంది. అదే జరిగితే ఓటమి ఒక్కటే కాదు, ఆయన మళ్లీ ఈ జిల్లాలో తలెత్తుకు తిరగలేరు. నాకూ తెలుసని తెలిస్తే నా ముఖం చూడరు.

నువ్వు అడగలేదు గానీ మీ బావగారి మాట రాసినందుకు సిగ్గుపడుతున్నాను.

అన్నట్టు, పంతొమ్మిదిన భాయ్ టీకా, ఏటా నువ్వొచ్చి ఆయనకు ఏడు రంగుల టీకా పెట్టే రోజు. "ధనసర వస్తుంది, మంచం మీద కొత్త దుప్పటి వెయ్యి" అన్నారు. ఏం చెప్పమంటావు?

నందకలా


రాతామాటా
కార్తిక్ 18

వదినా,

అమ్మ పోయిన ఏడాది నేను తోబుట్టువుకు టీకా ఎలా పెడతాను? రాలేను. దీనితో పాటు ఇంకో కాగితం పెట్టాను. అది అన్నయ్యకు చూపించు. దూరంగా ఉండే నాలుగు రోజులు వచ్చాయి, రాలేకపోతున్నాను, అమ్మ క్షేమం, మందులు పనిచేస్తున్నాయి అని రాశాను. మఖ్‌మలీ పూలు పెరటినిండా పూశాయి. అన్నయ్యకు దండ గుచ్చడానికి కూర్చుని, గుచ్చకుండానే లేచాను.

బిర్ఖే రాత్రంతా పరుగున వస్తాడు, రేపు సమయానికి అందుతుంది.

ధనసర


జిల్లా కేంద్రం
కార్తిక్ 23

ధనసరా,

కాగితం చూపించాను. రెండుసార్లు చదివారు. "సరే" అని జేబులో పెట్టుకున్నారు. పక్కింటి ఆడవాళ్లు పళ్లెం తెచ్చి, మేమున్నాం కదా అన్నా, ఇక్కడ పెట్టించుకుంటే ఓట్లొస్తాయన్నా వినలేదు. "నాకు చెల్లెలుంది" అన్నారు. భాయ్ టీకా నాడు జిల్లా కేంద్రమంతా ఏడు రంగుల నుదుళ్లతో తిరుగుతుంటే, ఈయనొక్కరే బోసి నుదురుతో సభలో మాట్లాడారు. "పదమ్‌బహదూర్ కఠాయత్ పొగరు చూడండి" అని వకీలు మనుషులు నవ్వారట.

ఇప్పుడు నా కొత్త బెంగ విను. ఆయన తిండి మానేశారు. పూర్తిగా కాదు, పగలు ఒక్కపూట అటుకులు, అరటిపండు, లేదంటే నెయ్యి వేసిన వట్టి అన్నం. పప్పు ముట్టరు. మాంసం వండితే కార్యకర్తలకు పెట్టమని లేచిపోతారు. రాత్రిళ్లు నేలమీద గడ్డి పరిపించుకుని పడుకుంటున్నారు, నడుం నొప్పి అంటారు. తోలు చెప్పులు వదిలేసి గుడ్డ బూట్లలో కొండలెక్కుతున్నారు. కడుపులో పుండేమో అని నా భయం. మా పెదనాన్న ఇలాగే పోయాడు. డాక్టరును పిలుస్తానంటే, "ఇరవై తొమ్మిది దాటనీ" అంటున్నారు.

ఒకవైపు ఆ మాట దాచడం, ఇంకోవైపు ఈయన జబ్బు. నేను ఏది తట్టుకోను? ఏదైనా నాటుమందు తెలిస్తే రాయి.

నందకలా


రాతామాటా
కార్తిక్ 26

వదినా,

నువ్వెంత అమాయకురాలివి. అది పుండు కాదు. ఉప్పు లేదు, పప్పు లేదు, మాంసం లేదు, ఒంటిపూట, నేల పడక, తోలు ముట్టడు. ఇక్కడ నిన్నటిదాకా అంగద్ చేసిందీ అదే. అన్నయ్యకు తెలిసిపోయింది.

ఎవరు చెప్పారో కూడా నాకు తెలుసు. నేనే. జ్వరంతో ఒకసారి, నిండు నెలలతో ఒకసారి, మా ఆయన జైల్లో ఉన్న ఏడాది ఒకసారి, ఏటా వెళ్లి టీకా పెట్టినదాన్ని. నాలుగు రోజుల మైలకు ఆగేదాన్నైతే దండైనా పంపేదాన్ని. దండ కూడా రాలేదంటే ఆయనకు అర్థం కాదా? అబద్ధం కాగితం మీద రాశాను గానీ, దండ సంగతి మర్చిపోయాను.

ఇప్పుడు నాకొచ్చే కోపానికి అంతు లేదు. నేను అమ్మకు మాటిచ్చాను కాబట్టి దాచాను. ఆయన ఎవరికి మాటిచ్చాడు? కొడుకు అయి ఉండి, తెలిసి, తెల్లబట్ట కట్టకుండా మైకు పట్టుకుంటాడా? కుర్చీ మీద అంత ఆశా? చెప్పు ఆయనకు. లేదు, చెప్పకు. చెబితే అమ్మ మాట పోతుంది. చూశావా, నా నోటికింకా తాళమే.

ఆడవాళ్లందరం ఇరవై తొమ్మిదిన వెళ్లి బిందె మీద స్వస్తిక్ ముద్ర వేస్తాం. అది అమ్మ కోసం.

ధనసర


జిల్లా కేంద్రం
మంసిర్ 3

ధనసరా,

ఈ ఉత్తరం కంటే ముందే నీకు కబురు అంది ఉంటుంది. అయినా నేను చూసింది నేను రాయాలి.

నీ ఉత్తరం వచ్చాక ఆయన ముందు కూర్చుని తినడం మొదలుపెట్టాను, ఉప్పు లేకుండా. ఆయన నా కంచం వైపు చూశారు. నేను ఆయన కంచం వైపు చూశాను.  ఆ రాత్రి నేనూ నేలమీదే పడుకున్నాను.

నిన్న లెక్కింపు. మన బిందె, మోతీజంగ్ గుర్తు రోజంతా ఒకదాని వెనక ఒకటి. సాయంత్రానికి మన రాతామాటా పెట్టె తెరిచారు. దానితో దాటిపోయాం. నూట పన్నెండు. బయట మాదల డోళ్లు మోగాయి. మనవాళ్లు పళ్లేల నిండా అబీరు, దండలు పట్టుకుని తలుపు దగ్గర తోసుకుంటున్నారు. ఈయన ఎంతకూ రారు. సంతకం పెట్టి వెనక తలుపు నుంచి నదికి వెళ్లారట. ఎప్పటికో వచ్చారు. గుండు, కనుబొమ్మలు తప్ప అన్నీ గీయించేసి, కుట్టులేని తెల్లబట్ట చుట్టుకుని, వట్టి కాళ్లతో. మాదలలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పిడికిళ్లలో అబీరు పట్టుకున్నవాళ్లు ఏం చేయాలో తెలియక అలాగే నిలబడ్డారు. మోతీజంగ్ ముందుకు వచ్చి టోపీ తీశాడు. "నాకు టీహార్ దీపాల పండగకు ముందే తెలుసు. ఆ సంగతి మైకులో ఎత్తినవాడు నా మనిషి కాదని మావాళ్లకు చెప్పాను. మీ అమ్మ మా ఇంట్లో కూడా పురుడు పోసింది" అన్నాడు. ఇన్నాళ్లూ ఆ మైకుకు భయపడి చచ్చాను నేను.

దారిలో, ముట్టుకోకూడదు కాబట్టి నాలుగడుగుల దూరం నుంచి, నీ ప్రశ్నే అడిగాను. తెలిసీ ఎందుకు కూర్చోలేదు అని. "నా చెల్లెలు అబద్ధం రాసిందంటే అది అమ్మ చెప్పి ఉంటేనే రాస్తుంది. అమ్మ అడిగిన పని చెడగొట్టకూడదనుకున్నాను" అన్నారు. కాస్త నడిచాక, "అలా అనుకున్నాను. కుర్చీ కోసమే కూర్చోలేదేమో. నాకే సరిగ్గా తెలియడం లేదు నందా" అన్నారు.

ఇవాళ తెల్లవారకముందే మన ఊరికి బయలుదేరారు. బిర్ఖే వెంట ఉన్నాడు. ఆయన్ని తిట్టాలనుంటే తిట్టు, కానీ అన్నం పెట్టాక తిట్టు.

నందకలా


రాతామాటా
మంసిర్ 17

వదినకు నమస్కారాలు.

పదమూడు రోజులూ అయ్యాయి. ఎల్లుండి అన్నయ్య బయలుదేరుతాడు. పురోహితుడికి పెద్ద చిక్కు వచ్చింది. "మైల విన్నరోజు నుంచి లెక్క. మీరు విన్నదెప్పుడు?" అంటాడు. అన్నయ్య "వినలేదు, తెలిసింది" అంటాడు. తెలియడానికి శాస్త్రంలో లెక్క లేదట. చివరికి మొదటి నుంచి పూర్తిగా కూర్చోబెట్టాడు. అంగద్ కర్మ అంగద్‌ది, ఈయనది ఈయనది. అమ్మకు రెండుసార్లు పిండాలు దక్కాయి.

తిడదామని వారం రోజులు మాటలు కూడబెట్టుకున్నాను. ఇంటి మూల గడ్డి మీద, తన వంట తానే వండుకుంటూ, మాడిన అన్నం తింటున్న మనిషిని చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. కానీ వదినా, ఆయన ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు. ఊరంతా ఏడిచింది, మోతీజంగ్ మనుషులు వచ్చి ఏడ్చారు. ఈయన రాయిలా కూర్చున్నాడు. నాకు అదే భయంగా ఉంది.

నిన్న నన్ను అడిగాడు, "అమ్మ చివరికి ఏమంది?" అని. బిందెల మాట, పదమూడు రోజుల మాట, నువ్వు గెలవాలన్న మాట చెప్పాను. "అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను.

అంతే కాదు. ఆ తరువాత మాట్లాడలేదని నీకు కూడా రాశాను. తెల్లవారుజామున అమ్మ కళ్లు తెరిచి గుమ్మం వైపు చూసి, "సానే వచ్చాడా?" అంది. అన్నయ్య పసివాడిగా ఉన్నప్పటి పిలుపు అది, నేను పుట్టాక ఎన్నడూ వినలేదు. వస్తున్నాడమ్మా అన్నాను. "చెప్పు విప్పే చప్పుడైంది, చూడు" అంది. నేను లేచి వెళ్లి, తలుపు తీసి, చూసి వచ్చాను. వచ్చేసరికి లేదు.

దాచమన్నదీ అమ్మే, పిలిచిందీ అమ్మే. రెండో మాట అన్నయ్యకు చెబితే ఆ నూట పన్నెండు ఓట్లు ఆయనకు జీవితాంతం ముళ్లే. ఆయన ఆ సభలో ఐదేళ్లు కూర్చోవాలి. నేను ఒక్కదాన్నే మోయలేక నీకు చెప్పాను. నీ దగ్గరే ఉండనీ.

ధనసర


జిల్లా కేంద్రం
మంసిర్ 24

ధనసరా,

నన్ను క్షమించు. చెప్పేశాను.

దాచాలనే అనుకున్నాను. ఆయన వచ్చి నాలుగు రోజులైంది. ప్రమాణానికి కాఠ్మాండూ వెళ్లాలి, పెట్టె సర్దుతున్నాను. ఈయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. ఓడినప్పుడు పడుకున్నట్టే. గెలిచి కూడా. "ధనసర ఏం రాసింది?" అన్నారు, నా వైపు తిరక్కుండానే. అందరూ క్షేమం అనబోయాను. ఆ మాట ఈ ఇంట్లో ఇక నా నోటికి రాదు తల్లీ. నీ ఉత్తరం తీసి, ఆ ముక్క చదివాను.

 లేచి కూర్చుని, "ఏమని పిలిచింది? పదమ్ అనా?" అన్నారు. సానే అని, అన్నాను. "మళ్లీ చదువు" అన్నారు. చదివాను. అప్పుడు ఏడ్చారు ధనసరా. చిన్నపిల్లాడు ఏడ్చినట్టు, ముక్కు కారుతూ, వెక్కుతూ. నేను పక్కన కూర్చుని అన్నం కలిపి ముద్దలు పెట్టాను. ఉప్పు వేసిన పప్పన్నం. అన్నీ తిన్నారు.

ఈ తెల్లవారుజామున బయలుదేరారు. ఏడాది మైల కాబట్టి టీకా లేదు, పువ్వుల్లేవు. గుమ్మానికి రెండు వైపులా నిండు బిందెలు మాత్రం నేను పెట్టాను. మీ అన్నయ్య గడప దాటబోయి ఆగారు. చెప్పులు విప్పి, వెనక్కి లోపలికొచ్చి, ఇంట్లో ఎవరూ లేని మూలకు తిరిగి, "వచ్చానమ్మా" అని, మళ్లీ చెప్పులు వేసుకుని వెళ్లారు.

నీ వదిన
నందకలా